క్రాసింగ్ కాలంలో తగ్గిన హాజరు

తెలంగాణ వచ్చిన మరుసటేడు, జూన్ మొదటి సోమవారం ఉదయం పదింటికి, వనపర్తి ఊరవతల మా గురువుల సభ నడిపే విశ్వవిద్యాలయానికి అధ్యక్షుడిగా చేరాను. అప్పటికి నేను కతోలిక గురువుగా అభిషేకం పొంది ఇరవై తొమ్మిదేళ్లు. మాలో బదిలీ ఉత్తరాన్ని 'విధేయత' అంటారు. సభ పెద్దను ప్రొవిన్షియల్ అంటాం. ఆయన ఒక కాగితం మీద నాలుగు వాక్యాలు రాసి పంపితే పెట్టె సర్దుకుని బయలుదేరడమే. ఎందుకని అడిగే ఆచారం లేదు. నాగర్‌కర్నూల్ వైపు ఒక విచారణలో, అంటే ఒక గుడి కిందికి వచ్చే పదిహేను ఊళ్లలో, ఏడేళ్లు గురువుగా ఉన్నాను. తర్వాత ఆర్థికశాస్త్రంలో పీహెచ్‌డీ చేయించి కాలేజీలో వేశారు, ప్రిన్సిపాల్‌ని చేశారు. ఆ కాలేజీ విశ్వవిద్యాలయమైతే నన్నే తీసుకుపోయి దాని కుర్చీలో కూర్చోబెట్టారు. కూలి చేసుకుని బతికిన ఇంట్లో పుట్టినవాడికి అది చిన్న సంగతి కాదు. నాకు గర్వం కలగలేదని చెబితే అదొక అబద్ధం, దానికి మళ్లీ ఇంకో గురువు చెవిలో తప్పు ఒప్పుకుని వేరే పాపసంకీర్తనం చేసుకోవాలి.

సర్కారు విశ్వవిద్యాలయానికి వైస్ ఛాన్సలర్ ఎలాగో మాకు అధ్యక్షుడు అలాగ. పైన కులపతి పేరుతో ప్రొవిన్షియల్ ఉంటాడు గాని, ఆయన పట్టాలిచ్చే రోజు వచ్చి పోతాడు. రోజువారీ అధికారం అధ్యక్షుడిది. కింద రిజిస్ట్రారు, పరీక్షల కంట్రోలరు, డీన్లు ఉంటారు. ఏ ఫైలైనా కింది నుంచి మెట్టు మెట్టు ఎక్కి నా బల్ల మీదికి వచ్చేసరికి దాని మీద నాలుగు సంతకాలు పడి ఉంటాయి. నలుగురు సరేనన్నదాన్ని ఐదోవాడు కాదనడం అరుదు. అధికారమంటే చివరి సంతకం అని నాకు మొదటి నెలలోనే తెలిసిపోయింది. పిల్లలు నన్ను పెద్ద ఫాదర్ అనేవారు.

పరిపాలన భవనం వెనక రెండు గదుల క్వార్టరు ఇచ్చారు. మెస్ నుంచి మూడు గిన్నెల క్యారియర్ వచ్చేది. అందులో ఒక గిన్నె ఎప్పుడూ అలాగే తిరిగి పోయేది. విచారణలో ఉన్న రోజుల్లో తలుపు వేసుకునే వీలుండేది కాదు. పల్లీలు తెచ్చేవాళ్లు, కోడలి మీద చాడీలు చెప్పేవాళ్లు, ఎద్దుకు బాగలేదు ప్రార్థన చేయమనేవాళ్లు, ఏ పనీ లేక వచ్చి మెట్ల మీద కూర్చుని పోయేవాళ్లు. అప్పుడు విసుక్కునేవాణ్ణి. అధ్యక్షుడినయ్యాక ఫైలు లేకుండా నా గదిలోకి వచ్చిన మనిషి లేడు. సాయంత్రం ఆరు దాటితే నాతో మాట్లాడేది రేడియో ఒక్కటే. ఒంటరి బతుకుకు ప్రమాణం చేసే వచ్చాం, అది కొత్త కాదు. వచ్చినవాళ్లంతా నా కుర్చీతోనే మాట్లాడి పోతుంటే మాత్రం చాలా కష్టంగా ఉండేది.

మా వాళ్లలో ఇంకో పద్ధతి ఉంది. కొడుకు గురువైతే అభిషేకం జరిగిన గంట నుంచి తల్లి కూడా వాడిని 'మీరు' అంటుంది, ఫాదర్ అంటుంది, వాడి చేయి ముద్దు పెట్టుకుంటుంది. మల్దకల్ దగ్గర మా ఊరు. ఆ రోజు మా అమ్మ నా చేయి ముద్దు పెట్టుకుని, "భోంచేసినరా ఫాదర్" అని అడిగింది. చచ్చిపోయేదాకా అదే పిలుపు. పొద్దున నన్ను 'ఒరే' అన్న గల్లీ మొత్తం మధ్యాహ్నానికి 'ఫాదరయ్య' అంది. అది గౌరవమే, కాదనను. కానీ ఆ రోజుతో నాకు ఊళ్లో అన్న, తమ్ముడు, మామ అనే వరసలన్నీ తెగిపోయాయి.

ఇక రెండు నియమాల సంగతి చెప్పాలి. జరిగిందంతా వాటి మధ్యనే జరిగింది.

మొదటిది తిరుసభ చట్టంలోది, అంటే లోకంలోని కతోలికులందరికీ వర్తించేది. విద్యాసంస్థకు పెద్దగా ఉన్న గురువు అక్కడ ఉండి చదివే పిల్లల పాపసంకీర్తనం వినకూడదు. కారణం న్యాయమైనదే. పాపసంకీర్తనంలో విన్నదాన్ని గురువు ఎవరికీ చెప్పకూడదు, పరిపాలనలో వాడుకోకూడదు. పొద్దున ఒక పిల్లవాడు నా చెవిలో ఒక తప్పు ఒప్పుకుంటే, మధ్యాహ్నం వాడి ఫైలే నా బల్ల మీదికి వస్తే, వాడికీ నాకూ ఇద్దరికీ ఇరకాటం. అందుకని వేరే గురువు ఉంటాడు, మేం చాప్లిన్ అంటాం. అయితే ఆ చట్టంలోనే చివర ఒక మినహాయింపు ఉంది. పిల్లలు తమంతట తామే ఏదైనా సందర్భంలో కోరుకుంటే వినవచ్చు. ఆ ముక్క నాకు తెలుసు. తెలిసీ నేను ఎన్నడూ వాడలేదు. మినహాయింపు పెడితే నియమం వదులైపోతుందని నా నమ్మకం.

రెండోది హాజరు నియమం. నూటికి డెబ్బై అయిదు ఉండాలి. అరవై దాకా తగ్గినా, వైద్య కారణం చూపిస్తే అధ్యక్షుడు క్షమించి పరీక్షకు అనుమతించవచ్చు. దీన్ని కండొనేషన్ అంటారు. లేకపోతే డిటెన్షన్, అంటే ఆ సెమిస్టరు మళ్లీ కింది తరగతి పిల్లలతో చదవాలి. లెక్కకు సెమిస్టరే అయినా నిజానికి ఏడాది పోతుంది, సర్కారు ఇచ్చే ఫీజు కూడా ఆగిపోతుంది. వైద్య కారణం అన్న మాట తర్వాత, 'లేక అధ్యక్షుడు తగినదని భావించే ఇతర కారణం' అని ఒక ముక్క ఉండేది. మొదటి ఏడాది ఆ ముక్క పట్టుకుని వచ్చిన అర్జీలు చూశాను. మేనమామ పెళ్లి, తిరుపతి మొక్కు, కొత్తింటి దావతు, ఎవరో నాయకుడి ఉత్తరం. ఒళ్లు మండి ఎర్ర పెన్నుతో ఆ ముక్క కొట్టేశాను. అకడమిక్ కౌన్సిల్ పది నిమిషాల్లో ఆమోదించింది. ఒక్కరూ నోరు మెదపలేదు. నేను పట్టిన కుందేలుకు మూడే కాళ్లు. ఆ తర్వాతి ఏడు మా పిల్లలకు జ్వరాలు ఎక్కువైనవి. కారణం నాకు తెలియనిది కాదు, కాగితం సక్రమంగా ఉంటే చాలనుకున్నాను.

మూడో ఏడాది నవంబరులో, హాజరు జాబితాలు ఖరారయ్యే వారం, పొద్దుటి పూజ నేనే చేశాను. పూజ అయ్యాక వెనక గదిలో వస్త్రాలు విప్పి మడత పెడుతుంటే గడప దగ్గర ఒక అమ్మాయి నిలబడింది. పేరు జసింత. బీయస్సీ మూడో సంవత్సరం, సిస్టర్లు నడిపే మా హాస్టల్లో ఉండేది. మా ఊరి పిల్ల. వాళ్లమ్మ రోజమ్మది మా ఇంటికి ఎదురిల్లు, వరసకు నాకు చెల్లెలు. చిన్నప్పుడు జాతరకు నా భుజాల మీద ఎక్కి వచ్చేది రోజమ్మ. నేను గురువునైనప్పటి నుంచి ఆమె నాతో రెండు మాటలకు మించి మాట్లాడలేదు.

జసింత తలవంచుకుని, "ఫాదర్, మీతోని ఒక మాట చెప్పాలె" అంది.

నేను అందరికీ చెప్పేదే చెప్పాను. పాపసంకీర్తనమైతే చాప్లిన్ ఫాదర్ దగ్గరికి పోవాలి, ఆఫీసు సంగతైతే పదకొండింటికి ఆఫీసుకు రావాలి. ఏ సంగతో చెప్పమన్నాను.

"రెండూ ఉన్నయి ఫాదర్. రెండూ ఒక్కటే సంగతి" అంది. తర్వాత, "చాప్లిన్ ఫాదర్ మంచోడే గని, ఆయనది మా దిక్కు కాదు. ఆయనకు మా సంగతి తెల్వదు. మీకైతే తెలుస్తదని వచ్చిన" అంది.

రెండూ ఒకటే అయిన సంగతికి నా దగ్గర వేళ లేదు. బోర్డు మీద ఆఫీసు వేళలున్నాయి, గుడి తలుపు మీద పాపసంకీర్తనం వేళలున్నాయి. ఒక మనిషిని రెండుగా కోసి, ఒక సగాన్ని ఇక్కడికి, ఒక సగాన్ని అక్కడికి పంపడం మాకు బాగా అలవాటైన పని. ఆఫీసుకే రమ్మన్నాను. సరే ఫాదర్ అని వెళ్లిపోయింది. తనంతట తానే వచ్చి కోరుకున్న పిల్ల అది. చట్టంలోని ఆ చివరి ముక్క సరిగ్గా అలాంటి పిల్ల కోసమే రాసి ఉంది. నాకు తట్టకపోలేదు, తట్టినా పక్కకు నెట్టేశాను.

పదకొండింటికి టోకెన్ తీసుకుని వచ్చింది. మాకు ఇంకో కట్టుబాటు ఉంది. ఆడపిల్ల ఆఫీసుకు వస్తే తలుపు తెరిచి ఉంచాలి, ఇంకొకరు గదిలో ఉండాలి. కాబట్టి రిజిస్ట్రారు రామచంద్రయ్య గారు పక్క కుర్చీలో నోట్ షీట్ పెట్టుకుని కూర్చున్నారు. ఆయన సర్కారులో పనిచేసి రిటైరై వచ్చినవారు, గద్వాల మనిషి, సొంత సేద్యం ఉంది. నోట్ షీట్ అంటే ఫైలులో మొదటి కాగితం. అందులో ఎక్కిన మాటను ఆ తర్వాత ఎవరూ వినలేదని అనడానికి వీలుండదు.

జసింత హాజరు అరవై ఆరు. కారణమేమిటని రిజిస్ట్రారు అడిగారు. ఆ పిల్ల ఒక కాగితం బల్ల మీద పెట్టింది. గద్వాల సర్కారు దవాఖాన చీటీ. కుడి మణికట్టు విరిగిందని రాసి ఉంది, పేరు మాత్రం రోజమ్మది. నియమం విద్యార్థి సొంత జబ్బు గురించి చెబుతుంది, తల్లి జబ్బు గురించి చెప్పదు.

"మా నాయిన పూనాల పనికి పోయిండు సార్. ఎకరం కౌలుకు పట్టి సీడ్ పత్తి పెట్టినం. సెప్టెంబర్ల మా అమ్మ ఆటోలకెళ్ళి పడ్డది. క్రాసింగ్ జోరు మీదుంది. ఇగ నేనే పోయిన" అంది.

గోరుచుట్టు మీద రోకటిపోటు అంటారే, అది. విత్తనం కోసం వేసే సీడ్ పత్తి మామూలు పత్తిలా వేసి వదిలేసే పంట కాదు. ఆడ వరుసలు వేరు, మగ వరుసలు వేరు. మధ్యాహ్నం నుంచి పొద్దుగూకేదాకా ఆడ చెట్ల మీద మరునాడు విచ్చబోయే మొగ్గలు ఏరి, బొటనవేలి గోరుతో చుట్టూ గీరి, పుప్పొడి తిత్తులు తీసేస్తారు. గుర్తుకు ఎర్ర కాగితం తొడుగుతారు. మరునాడు పొద్దున మగ పువ్వు తెచ్చి దానికి అద్దుతారు, ఇదే క్రాసింగ్. ఒక్క రోజు తప్పితే ఆనాటి పువ్వులన్నీ దండగ. పైగా గీరని మొగ్గలు వాటంతట అవే కాయ కట్టి మొత్తం విత్తనాన్ని చెడగొడతాయి. రెండు నెలలకు పైగా ఆదివారం కూడా ఉండదు. ఇదంతా నాకు అప్పుడు తెలియదు. నా చిన్నప్పుడు మా ఊళ్లో జొన్న, ఆముదం తప్ప ఏముంది. నేను గురువు చదువుకు సెమినరీకి పోయాక వచ్చిన పంట ఇది. 'మీకైతే తెలుస్తదని వచ్చిన' అని ఆ పిల్ల నమ్మి వచ్చిన మనిషికి తెలిసింది అంతే.

రిజిస్ట్రారుకు తెలుసు. ఆయన పెన్ను పక్కన పెట్టి, "అమ్మా, ఆ ఎండల, ఆ మందు వాసనల నీకు ఒక్కనాడన్న జరం రాలేదా?" అని మెల్లగా అడిగారు. అది ప్రశ్న కాదు, దారి చూపించడం.

"రాలేదు సార్. నేను మంచిగనే ఉన్న" అంది జసింత. తర్వాత సంచిలోంచి ఇంకో కాగితం తీసి నా ముందు పెట్టింది. టైఫాయిడ్ వచ్చి నెల రోజులు మంచం మీద ఉందని ఎవరో డాక్టరు రాసిచ్చిన సర్టిఫికెట్. "ఇది మా అమ్మ రాయించుకొచ్చింది ఫాదర్. దీని సంగతే పొద్దుగాల అడుగుదామనుకున్న. పెట్టాల్నా, వద్దా అని."

రిజిస్ట్రారు నా ముఖం చూశారు. పొద్దున గడప దగ్గర నిలబడి అడగబోయింది ఇదే. నా దగ్గరికి సలహాకు వచ్చిన పిల్లను నేను అర్జీదారును చేశాను. ఇప్పుడు తలుపు తెరిచి ఉంది, పక్కన సాక్షి ఉన్నాడు, నోట్ షీట్ ఉంది. ఆ దొంగ సర్టిఫికెట్ వెనక్కి తీసుకుపొమ్మని మాత్రం చెప్పాను. తీసుకుపోయింది.

ఆ పిల్ల వెళ్లాక రామచంద్రయ్య గారు నాకు రెండు దారులు చెప్పారు. ఆయన మాటల్లోనే రాస్తాను. "సార్, నోట్ షీట్ మీద నేను ఇంకా ఏం రాయలేదు. పొల్లను పిలిచి ఆ కాయితం ఇచ్చి పొమ్మందాం. అందరు ఇస్తున్నరు, మనం తీసుకుంటున్నం. గట్ల వద్దంటరా, మీకు ఎమర్జెన్సీ పవర్ ఉంది. కొట్టేసిన ముక్కను ఈ ఒక్క సెమిస్టరుకు మళ్ల పెట్టుర్రి. కౌన్సిల్‌కు తర్వాత చెప్పుకుందాం."

మొదటిది నా వల్ల కాదన్నాను. గురువునై ఉండి అబద్ధం కాగితం తెమ్మని చెప్పలేను. ఆ మాట మీద ఇప్పటికీ నిలబడతాను. కానీ అదే జాబితాలో అలాంటి జ్వరాల కాగితాలు ఇచ్చినవాళ్ల పేర్లు బోలెడు ఉన్నాయి, అరవై రెండు శాతం వాళ్లవి కూడా. వాటి మీద నేను సంతకం పెట్టబోతున్నాను. నా నోటితో అబద్ధం చెప్పను గాని, ఎదుటివాడు చెబితే రుజువు లేదు కదా అని క్షమిస్తాను. నిజం చెప్పిన పిల్లకు మాత్రం రుజువు ఆమె నోరే అయింది.

రెండోది వద్దనడానికి కారణం అంత మర్యాదైనది కాదు. భయం. ఆ పిల్లది మా ఊరు, మా పేట, మా గుడి. రెండేళ్లు ఏ పెద్దమనిషి ఉత్తరానికీ లొంగని ఫాదర్, తన పేట పిల్ల వచ్చేసరికి నియమం మార్చుకున్నాడని అంటారు. ఆ కుర్చీలో మా పేటవాడు కూర్చున్నాడని గిట్టనివాళ్లు కాచుకుని ఉన్నారని నాకు తెలుసు. రిజిస్ట్రారుతో మాత్రం, నియమం అందరికీ ఒకటే అని పెద్ద మాట చెప్పాను. ఆయన పెన్ను తీసుకుని రాశారు. జాబితా సాయంత్రం నాలుగింటికి వచ్చింది. జసింత పేరు ఎదురుగా డిటెయిండ్ అని ఉంది. చివరి సంతకం నేను పెట్టాను.

సంతకం పెట్టాక ఎవరితోనైనా మాట్లాడాలనిపించింది. ఎవరితో మాట్లాడాలి? చాప్లిన్ నా కింద ఉద్యోగి. రిజిస్ట్రారు చెప్పేది చెప్పేశారు. నాతో సెమినరీలో చదివినవాళ్లకు నేను ఫోన్ చేయడం మానేసి రెండేళ్లు. చేస్తే ఏదో బదిలీ సంగతి అనుకుంటారు. క్యారియర్ విప్పకుండానే వెనక్కి పంపేశాను. వారం తర్వాత జసింత హాస్టల్ ఖాళీ చేసింది. రేకు పెట్టె ఒకవైపు తను, ఒకవైపు స్నేహితురాలు పట్టుకుని గేటు దాకా మోసుకుపోవడం నా కిటికీలోంచి చూశాను. కిందికి దిగి పోవచ్చు, నాలుగే మెట్లు. దిగలేదు.

డిసెంబరులో మా ఊరి గుడి పండుగకు పెద్ద పూజ చేయమని పిలిచారు. వనపర్తి నుంచి కారులో బయలుదేరాను. బీచుపల్లి దగ్గర కృష్ణ వంతెన మీదికి రాగానే డ్రైవరు ఎప్పటిలాగే బండి నెమ్మది చేసి, ఆంజనేయస్వామి గుడి వైపు చేయెత్తి మొక్కి మళ్లీ స్టీరింగ్ పట్టుకున్నాడు. వెనక సీట్లో నేను, నా పక్కన నా పూజ వస్త్రాల పెట్టె. రోజమ్మ వస్తుందా, వస్తే ఏమంటుంది అన్నదే ఆ దారి పొడుగునా నా ఆలోచన.

వచ్చింది. పూజలో గురువు చేతి అప్పం, అంటే దివ్యసత్ప్రసాదం తీసుకునే వరసలో నిలబడింది. కుడి చేయి ఇంకా సరిగా వంగడం లేదు, ఎడమ చేయి చాపింది. ఆమెన్ అని పక్కకు జరిగింది. పూజ అయ్యాక ఆచారం ప్రకారం అందరూ వచ్చి నా చేయి ముద్దు పెట్టుకుంటున్నారు. రోజమ్మ వంతు వచ్చింది. ఆమె నా చేయి పట్టుకోలేదు. నా ముఖంలోకి చూసింది.

"అన్నా" అంది.

ముప్పై ఏళ్లయింది ఆ పిలుపు విని.

"అన్నా, మా పొల్లకు తొలి సత్ప్రసాదం పండుగకొచ్చి నువ్వే ఇచ్చినవ్. ఆనాడు పొల్లగాండ్లను కూసవెట్టి ఏం చెప్పినవ్? అబద్ధమాడి గెలిచేకన్న నిజం చెప్పి ఓడిపోయేది నయమన్నవ్. నేను జరం కాయితం తెచ్చిస్తే నా మాట ఇనలే, నీ మాట ఇన్నది. ఓడిపోయింది. గదేదో నువ్వే వచ్చి దానికి చెప్పరాదే, నయంగ ఉందా అని."

గొంతు పెంచలేదు. వెనక వరసలో ఉన్నవాళ్లకు కూడా వినబడి ఉండదు. జసింత ఎక్కడుందని అడిగాను. వాళ్ల నాయనతో పూనా పోయిందని, కట్టడం పనిలో ఉందని చెప్పి రోజమ్మ వెళ్లిపోయింది. తర్వాత మనిషి వచ్చి నా చేయి ముద్దు పెట్టుకుని ఫాదరయ్యా అన్నాడు. ఇన్నేళ్లకు నన్ను ఒక మనిషి వరస పెట్టి పిలిచింది, తిట్టడానికే అయినా. తిరుగుదారిలో నాకు ఆ తిట్టు కన్నా ఆ పిలుపే ఎక్కువసార్లు గుర్తొచ్చింది. అందుకు సిగ్గు కూడా వేసింది.

చేతులు కాలాక ఆకులు పట్టుకోవడమే గాని, మరుసటి నవంబర్‌లో రెండు ప్రతిపాదనలు కౌన్సిల్‌లో పెట్టాను. కొట్టేసిన ముక్కను తిరిగి చేర్చడం ఒకటి. సెప్టెంబరు, అక్టోబరు తరగతులు కుదించి, ఆ పాఠాలను ఎండాకాలం సెలవుల్లో చెప్పడం ఇంకొకటి. దానికి ముందు, ఆ ఏటి పత్తి కాలంలో రెండు రోజులు పోయి చేలలో నిలబడి చూశాను, అన్నేళ్లూ అలా పోవాలని కూడా నాకు తోచలేదు. చేలల్లో ఉన్న పిల్లల్లో మా విద్యార్థులే పదిమంది దాకా కనబడ్డారు. నన్ను చూసి ఎర్ర కాగితాల డబ్బాను వీపు వెనక దాచుకున్నారు. రెండు ప్రతిపాదనలూ పది నిమిషాల్లో ఆమోదం పొందాయి. కొట్టేసినప్పుడు ఎంతసేపు పట్టిందో, పెట్టినప్పుడూ అంతే పట్టింది. బయటికి వస్తూ రామచంద్రయ్య గారిని అడిగాను, ఈ క్రాసింగ్ సంగతి మొదటి ఏడాదే నాకెందుకు చెప్పలేదని.

"మీరు అడగలేదు సార్. ఎర్ర పెన్ను తీసినోన్ని ఎవరు అడ్డుకుంటరు?" అన్నారాయన. కోపం లేదు ఆ మాటలో.

తిరిగి చేరమని జసింతకు ఆఫీసు నుంచి రెండు ఉత్తరాలు పంపించాం. నేను సొంతంగా ఒకటి రాశాను. జవాబు రాలేదు. ఇంకో రెండేళ్లు ఆ కుర్చీలో ఉండి, అరవై అయిదు దగ్గర పడుతుండగా దిగిపోయాను. ఆఖరి విధేయత నన్ను గోపాల్‌పేట వైపు ఒక చిన్న గుడికి పంపింది. పూజకు ముప్పై మంది వస్తారు. గుడి పక్కన ఒక గది, ముందు మూడు మెట్లు. ఇక్కడ మళ్లీ పల్లీలు తెచ్చేవాళ్లు, చాడీలు చెప్పేవాళ్లు వస్తున్నారు. నేను విసుక్కోవడం లేదు.

పోయిన ఫిబ్రవరిలో ఒక శనివారం మధ్యాహ్నం ఆ మెట్ల మీద ఒక ఆమె కూర్చుని ఉంది. జసింత. ముఖం చూడగానే గుర్తుపట్టాను, మొగ్గలు గీరి గీరి బొటనవేలి గోరు నల్లబడి ఉంది. పూనా నుంచి వచ్చేశానని, డిగ్రీ పూర్తి కాలేదని, గద్వాల దగ్గర ఇరవై మంది ఆడవాళ్లను పెట్టుకుని క్రాసింగ్ పని చేయిస్తున్నానని చెప్పింది. అమ్మ బాగుందంది. నా ఉత్తరం అందిందని కూడా చెప్పింది. నేను ఆ రోజు గేటు దాకా రానందుకు క్షమించమని అడిగాను. ఆ పిల్ల మెట్టు మీద కాస్త పక్కకు జరిగింది.

"ఫాదర్, మీతోని ఒక మాట చెప్పాలె" అంది.

ఉద్యోగంలో నేను నేర్చుకున్నది ఇంతే. నియమాన్ని కాపాడుతున్నామనుకుని దాని మినహాయింపును కొట్టేస్తాం. ఆ మినహాయింపు కోసమే వచ్చిన మనిషి అప్పుడు గడప బయట నిలబడి ఉంటుంది. మనిషి సంగతిని ఏ వేళలో వినాలో ముందు తేల్చుకుందామనుకుంటే, తేలేసరికి ఆ మనిషి వెళ్లిపోతుంది.

మెట్ల మీద ఆమె పక్కన కూర్చున్నాను. ఎండ గుడి గోడ దిగేదాకా చెప్పింది, విన్నాను. అది పాపసంకీర్తనమా, మామూలు మాటా అని ఈసారి అడగలేదు. అడగలేదు కనుక ఆమె చెప్పిందేమిటో ఇక్కడ రాయడానికి నాకు అధికారం లేదు.